గోడ తాగిన నీళ్లు

ఆ రోజుల్లో, అంటే తొంభైల నడిమి కాలంలో, బహ్రెయిన్ ఎండాకాలంలో చన్నీళ్ల కుళాయి తిప్పినా వేన్నీళ్లే వచ్చేవి. మేడ మీది ట్యాంకు పొద్దు పొడవకముందే కాగులా కాగి ఉండేది. (ఇంటికి ఫోన్ చేసి ఈ ఎండ గురించి చెబితే, "దుబాయిల అంత ఏసీలేనట గద" అని మావాళ్లు నాకే చెప్పేవారు. నేనున్నది బహ్రెయిన్ అని ఎన్నిసార్లు చెప్పానో. అదీ మరచిపోలేదు.) వేన్నీళ్ల సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నన్ను క్యాంపు మొత్తంలో నవ్వులపాలు చేసిన కథకు మూలం అదే.

అస్కర్‌లోని కూలీల క్యాంపులో ఉంటూ ఇసుక మోస్తున్న నన్ను, వరుసకు మామ అయ్యే మేస్త్రి జింజ్‌లో ఒక ఇంటి పనికి తీసుకెళ్లాడు. పై అంతస్తులో కొత్త బాత్రూం, షవర్ గోడలకు టైల్స్ వేయాలి. "ఇది సక్కగ చేస్తే నువ్వు టైల్ పనోనివి. లేకుంటే మల్ల ఇసుకకే" అన్నాడు. టైల్ ఎంత నున్నగా ఉన్నా సందుల్లోంచి తడి లోపలికి దిగుతుంది. అందుకని ముందుగా నేలకూ గోడకూ నల్లటి మందు పూసి, మూలల్లో గుడ్డపట్టీ అద్ది, ఆరాక మరో పూత వేయాలి. ఆపైన నీళ్లు పోయే కంత మూసేసి, గడప ఎత్తున నీళ్లు నింపి మర్నాటిదాకా వదిలేయాలి. తగ్గకపోతేనే టైల్. (పూత బాగుంటే పేరు టైల్‌కి వస్తుంది, కారితే తిట్లు నాకు వస్తాయి. ఈ న్యాయం ఎవరు పెట్టారో.)

నీళ్లు నింపి, నీటి అంచు దగ్గర తెల్ల టేపు ముక్క అంటించి వచ్చాను. మర్నాడు పికప్‌లోంచి సామాన్ దించి నేను పైకి వెళ్లేసరికి, ముందే ఎక్కిన మామ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. తలా మీసాలూ తడిసి మెరుస్తున్నాయి. చెమటే అనుకున్నాను, ఆ ఉక్కలో అందరం అలాగే ఉండేవాళ్లం. నీళ్లు మాత్రం టేపుకి వేలెడు కిందికి ఉన్నాయి.

"ఏంది అల్లుడా ఇది?"

"మంచిగనే పూసిన మామా."

"మరి నీళ్లేడికి పోయినయి?"

పరుగున కిందికి పోయి వంటింటి కప్పు చూశాను. ఎక్కడా మరక లేదు. మళ్లీ పైకి వచ్చాను. "కింద సుక్క లేదు మామా."

"అయితె గోడ తాగింది" అని తేల్చేశాడు.

ఇంకో పూత వేశాను, ఆరాక మళ్లీ నింపాను. మళ్లీ వేలెడు తగ్గాయి. ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు, ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. పైకీ కిందికీ తిరుగుతుంటే, ఆ ఇంట్లో వంట చేసే గోదావరి అక్క, "అలా చూడకు తమ్ముడూ, ఆ కప్పు సిగ్గుపడుతుంది" అనేది. క్యాంపులో మామ అందరి ముందూ అన్నం కలుపుకుంటూ, "మావోని గోడలకు దూప ఎక్కువ" అన్నాడు. ఆ దెబ్బతో, దాహం వేస్తే నా పేరు చెప్పడం అందరికీ అలవాటైపోయింది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

చివరికి ఒక సాయంత్రం ఆ అక్కే అంది. "మీ మేస్త్రిగారికి కాస్త చెప్పవయ్యా. పొద్దున్నే పైన బాల్కనీలో డబ్బాతో నెత్తిన అలా గుమ్మరించుకుంటే ఎలా? తడి ఆరక నేను జారిపడబోయాను."

మర్నాడు సామాన్ పికప్‌లోనే వదిలేసి, చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా మామ వెనకాలే మెట్లెక్కాను. ఆయన ఖాళీ పెయింటు డబ్బా తీసుకుని నా షవర్‌లో ముంచి, బాల్కనీలోకి పోయి, తల వంచి హాయిగా పోసుకున్నాడు. మళ్లీ ముంచాడు. పోసుకోవడం అయ్యాక తువ్వాలు భుజాన వేసుకుని లోపలికొచ్చి, అక్కడ నన్ను చూసి కూడా, అలవాటు కొద్దీ టేపు వైపు చూశాడు.

"మల్ల తాగింది."

"అవు మామా. గోడకు మీసాలు సుత తడిసినయి."

ఆయన నెమ్మదిగా మీసాలు తుడుచుకున్నాడు. "ట్యాంకు నీళ్లు సలసల కాగుతున్నయిరా. రాత్రంత నిలిచి ఇవి సల్లగున్నయి" అన్నాడు. తువ్వాలు దులిపి, "పూత మంచిగున్నది, టైల్ పెట్టు" అన్నాడు.

నీళ్లు తానే తోడుకున్న మాట క్యాంపులో చెబుతాడని కాచుకుని కూర్చున్నాను. ఆయన చెప్పింది ఒకటే, "మావోని గోడకు దూప తీరింది." అంతా మళ్లీ నవ్వారు. తప్పు తనదన్న ముక్క ఆ మాటలో ఎక్కడుందో ఇన్నేళ్లుగా వెతుకుతూనే ఉన్నాను. ఇసుక మోత తప్పిందనుకోండి, అది వేరే సంగతి.

మామ పోయి చాలా కాలమైంది. మొన్న వేసవిలో మా సొంతింట్లో షవర్ గోడలకు నేనే మందు పూసి, నీళ్లు నింపి, తెల్ల టేపు అంటించాను. తెల్లవారి చూస్తే నీళ్లు టేపును తాకుతూ అలాగే ఉన్నాయి, వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. సంతోషించాల్సింది పోయి ఎందుకో ఇల్లంతా బోసిగా అనిపించింది. మూలనున్న డబ్బా తీసుకుని ముంచి నెత్తిన పోసుకున్నాను. నిజమే, చల్లగానే ఉన్నాయి. ఇంకోటి పోసుకున్నాను.

టీ తెచ్చిన మా ఆవిడ షవర్‌లోకి తొంగిచూసి, "టేపు కిందికి దిగినయేంది? నీళ్లేడికి పోయినయి?" అంది.

"గోడ తాగింది" అన్నాను.

ఆమె నా మీసాల వైపు చూసింది.