బాపు బుగ్గల్లో మైనం

ఉదయం ఆరున్నరకు మా బాపు గడ్డం గీసుకుంటున్నాడు. టైము ఎందుకు గుర్తుందంటే, అప్పుడే బొగ్గుబావి సైరన్ మోగింది, కత్తి జారి పెదవి కింద గదమ మీద గాటు పడింది. ఆయన బుగ్గలు బాగా లోపలికి పోయాయి. కత్తి ఆనడానికి నాలుకతో లోపలి నుంచి తోసి పట్టుకునేవాడు.

హైదరాబాద్ రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. చొప్పదండిలో మా మగ్గం ఆగిపోయింది. మిల్లు చీర చవకగా దొరుకుతుంటే బాపు నేసిన చీర ఎవరూ అడగలేదు. గోదావరి దాటి, ఆదిలాబాద్ జిల్లాలో బావుల దగ్గర గుడిసె వేసుకున్నాం. అక్కడ ముప్పై అయిదు లోపు వాళ్లనే పనిలోకి తీసుకునేవారు. బాపుకు ముప్పై మూడు. తిండి చాలక, దవడ పళ్లు ఊడి, యాభై దాటినవాడిలా ఉండేవాడు. పుట్టిన తేదీకి కాగితాలు లేని కాలం. డాక్టరు ముఖం చూసి వయసు రాసేవాడు.

"ఎప్పుడు పుట్టావు?" అని, గడ్డం గీసుకుని వెళ్లిన ఆ రోజు డాక్టరు అడిగాడట.

"గత్తరొచ్చిన యేడు, దొరా."

"ఏ గత్తర? మీకు ఏటా కలరానే కదా. ఇంటికెళ్లి మనవళ్లను ఆడించుకో, తాతా."

పని దొరక్కపోతే మాకు తిరిగి వెళ్లడానికి మగ్గం కూడా లేదు. దాన్ని అమ్మే వచ్చాం.

మరాఠీ సీమ చాందా వైపు నుంచి వచ్చిన ఒకడు హోటల్ వెనక గదిలో బుగ్గలు నింపే సూది వేస్తాడని ఎవరో చెప్పారు. బాపు వెంట అవ్వా నేనూ వెళ్లాం; మేం అమ్మను అవ్వ అంటాం. అతను స్టవ్ మీద చిన్న గిన్నె పెట్టి మైనం, వాజలీను కలిపి కరిగించాడు. గాజు సిరంజిలోకి లాగాడు.

"ఎండకు కరగదా?" అంది అవ్వ.

"లోపలికి పోయినంక అది మాంసమే, తాయీ. ఫికర్ చెయ్యకు."

వాపు తగ్గేదాకా బాపు గంజి మీదే ఉన్నాడు. "ఇన్నేండ్లు పోగుకు గంజి పెట్టిన. గిప్పుడు నేనే తాగుతున్న" అన్నాడు. అవ్వ ఆయన ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెండ్లినాడు సుత గింత మంచిగ లేవు."

మళ్లీ వెళ్తే అదే డాక్టరు ఆయన్ని గుర్తుపట్టలేదు. ముప్పై రెండని రాశాడు. దీన్ని మోసమంటే నేను ఒప్పుకోను. బాపు వయసు దాచలేదు. ఆయన నిజం చెప్పినప్పుడు నమ్మలేదు, అంతే.

బావి లోపల ఉక్క. కొన్నాళ్లకు ఎడమ బుగ్గలో మైనం దవడ మీదికి జారి గట్టిపడింది. తోటి పనివాళ్లు, "ఏం బావా, పొద్దటి పాన్ ఇంకా నములుతున్నవా?" అనేవాళ్లు. "మీ లెక్క ఉమ్మేటోన్ని కాదు" అనేవాడు బాపు. ఇంటికొచ్చి ఉప్పు కాపడం పెట్టించుకునేవాడు.

తర్వాత దగ్గు పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం. బావిలోకి దిగక్కర్లేని పైపని ఇవ్వమని అడగడానికి వెళ్తే, కొత్తగా వచ్చిన డాక్టరు గదమ పట్టుకుని చూసి నవ్వాడట. "బుగ్గలు చూడు, అత్తారింట్లో కోళ్లన్నీ నువ్వే తిన్నట్టున్నావు. నీకేం రోగమయ్యా?"

మైనం సంగతి చెబితే ఉద్యోగం పోతుంది. బాపు ఇంటికొచ్చి, మర్నాడు మళ్లీ బావిలోకి దిగాడు. ఆ చలికాలం దాటలేదు.

కడసారి స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా ఎముకలే. కళ్లు కూడా లోపలికి పోయాయి. బుగ్గలు మాత్రం అలాగే ఉన్నాయి. పసుపు రాస్తున్న అవ్వ చెయ్యి అక్కడ ఆగింది.

"గివి నా మొగని బుగ్గలు కావు" అని, వాటిని వదిలి మిగతా ముఖానికి రాసింది.

ఇప్పుడు ఆ బావి దగ్గర ముఖం చూసి వయసు రాయరు, పుట్టిన తేదీ కాగితం అడుగుతారు.