రక్తం లింకుకు పేర్ల తోక

2023 ఎండాకాలం. గోదావరిఖని చౌరస్తా దగ్గర మా ఆఫీసు. ఆఫీసంటే మేడ మీద ఒక గది, ఒక కూలర్, నేను. చుట్టుపక్కల బడుల, దుకాణాల వెబ్‌సైట్లు నడిచే సర్వర్లను చూసుకోవడం నా పని. ఈ పనిలో నా ఓపికను పూర్తిగా పిండేసిన కేసు ఏదంటే ప్రభుదాస్ కాకదే చెప్తాను.

కాక బొగ్గుగనిలో క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. రక్తం కావాల్సినవాళ్లను, ఇచ్చేవాళ్లను కలిపే వెబ్‌సైట్ ఒకటి నడుపుతున్నాడు. ఎవరికి ఏ గ్రూపు కావాలో అందులో పెడితే ఆ లింకు వాట్సాప్‌లో గనులన్నీ తిరుగుతుంది. సైటుకు ఎంతమంది వచ్చారు, ఏ పేజీ చూశారు అని లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌ను వెబ్ అనలిటిక్స్ అంటారు. బయటి కంపెనీలది వాడుకుందామంటే కాక ఒప్పుకోలేదు.

"మనోళ్ల సంగతులు మన దగ్గర్నే ఉండాలె బిడ్డా" అన్నాడు. సరేనని సైటున్న సర్వర్‌లోనే దాన్నీ పెట్టాను.

ఏప్రిల్‌లో మొదలైంది తంటా. ఈ లెక్కలన్నీ దాచే డేటాబేస్, ర్యామ్‌ను తింటూ పోతోంది. ర్యామ్ అంటే సర్వర్ పనిచేసుకునే జాగా. అది నిండితే సర్వర్ తన ప్రాణం కాపాడుకోవడానికి, అందరికంటే ఎక్కువ తింటున్న ప్రోగ్రామ్‌ను చంపేస్తుంది. ప్రతిసారీ చచ్చేది డేటాబేసే. రక్తం పేజీ వివరాలూ అందులోనే ఉంటాయి కాబట్టి దాంతోపాటు ఆ పేజీ కూడా మూతపడుతుంది.

"కాకా, సైటుల ఏమన్న మార్చిన్రా?"

"ఏం మార్చలే బిడ్డా. ఎట్లున్నది గట్లనే ఉన్నది."

డేటాబేస్ సెట్టింగులు తగ్గించాను. సర్వర్ తన పని గురించి రాసుకునే పాత లాగ్‌లు తీసేశాను. రిపోర్టులు తయారుచేసే పనిని జనం పలచగా ఉండే వేళకు జరిపాను. కొన్నాళ్లు బాగుండి మళ్లీ అదే కథ. ర్యామ్ పెంచితే అదీ నిండింది. ఎన్నిసార్లు అడిగినా ఏం మార్చలేదనే జవాబు. ఫోన్ పెట్టేసి కూలర్‌ను తిట్టేదాన్ని. గదిలో తిట్టడానికి ఇంకెవరూ లేరు మరి.

ఒక మధ్యాహ్నం రామగిరి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. సైటు అడుగున నా నంబరు ఉంటుంది.

"అక్కా, మా ఇంటామె దవాఖానల ఉన్నది. కాన్పయింది, రక్తం ఆగుతలేదు. ఓ నెగెటివ్ కావాలె. లింకు పంపినం గాని ఎవలకూ తెరుసుకుంటలేదు. జర జల్ది చూడుండ్రి."

డేటాబేస్‌ను లేపాను, పేజీ తెరుచుకుంది. కానీ ర్యామ్ నా కళ్లముందే మళ్లీ ఎక్కుతోంది. ఈసారి సెట్టింగుల జోలికి పోకుండా, అసలు ఏ పేజీలు లెక్కలోకి వస్తున్నాయో చూశాను. ఉన్నది ఒకే రక్తం పేజీ. దానికి వేలకు వేల అడ్రసులు. ప్రతి అడ్రసు చివర ఒక తోక: రాజమల్లు, ఫలానా గని, బొగ్గు నింపే ఫిల్లర్, సెకండ్ షిఫ్టు. అతను పంపితే అందుకుని మళ్లీ పంపిన శంకర్ పేరు దాని వెనక. ఆ వెనక మరొకరు. తోక మారిందంటే అనలిటిక్స్ దృష్టిలో అది కొత్త పేజీ. అట్లా ఫార్వర్డుకొక పేజీ పుట్టించుకుని అన్నిటినీ మోస్తోంది.

కాకకు ఫోన్ చేశాను. నా గొంతు దానంతట అదే పెరిగింది.

"లింకుకు ఈ పేర్లేంది కాకా?"

"అవా? పంపేటోడు పేజీల తన పేరు, బాయి, పని, షిఫ్టు రాస్తే లింకుకు చేరేటట్టు పెట్టిచ్చిన. మనోళ్లు ఉత్త లింకు తెరుస్తరా? ఎవడు పంపిండు, ఏ బాయోడు అని అడుగుతరు."

బాయి అంటే మా దగ్గర బొగ్గుగని.

"మరి ఏం మార్చలే అంటిరి?"

"అది మార్చుడు ఎట్లయితది బిడ్డా? పేర్లు పెట్టినం, అంతే."

ఒళ్లు మండిపోయింది. తోక తీసేస్తానన్నాను.

"తియ్యకు బిడ్డా. పేర్లు లేకపోతే రక్తం రాదు." కాక అంత గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

వాదించే టైము లేదు. లింకులో పేర్లు అట్లాగే ఉంచి, ఆ భాగాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోవద్దని అనలిటిక్స్‌కు చెప్పాను. ఒక చిన్న సెట్టింగు. పాత తోకల లెక్కలు తుడిచి, డేటాబేస్‌ను ఒకసారి ఆపి లేపాను. ర్యామ్ దిగింది, దిగిన చోటే ఉండిపోయింది.

సాయంత్రం రామగిరి ఆయనే మళ్లీ ఫోన్ చేశాడు. బసంత్‌నగర్ నుంచి ఒక లారీ డ్రైవర్ వచ్చి రక్తమిచ్చాడట. భార్యకు గండం గడిచింది.

"ఆయన నాకు తెల్వనే తెల్వది అక్కా. ఎట్లచ్చినవే అన్నా అంటే, లింకుల మా బామ్మర్ది పేరు కనవడ్డది, ఇగ లేసి అచ్చిన అన్నడు."

అప్పటినుంచి నేను ఏ కస్టమర్‌నూ ఏం మార్చారని అడగను. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు నాకు తెలుసు. రోజూ ఏమేం చేస్తారో, ఎందుకు చేస్తారో మొదటినుంచి చెప్పమంటాను, చెప్పేదాకా దేన్నీ కొయ్యను.

నేను తీసేస్తానన్న తోకలోనే ఆ బామ్మర్ది పేరుంది. ఈ సంగతి కాకకు ఇప్పటికీ చెప్పలేదు. చెప్తే, ఫోటోలు కూడా పెడదామంటాడు.