గాస్ మామ అడగని ప్రశ్న

లారీ దిగిన మోమినా చేతిని గాస్ మామ అందుకుని, ఆచారం ప్రకారం ముద్దుపెట్టుకున్నాడు. తన చేతినీ ఆమె పెదవులకు అందించాడు. అక్కడితో ఆగిపోయాడు. ఆ తరువాత, ఎడారిలో మేకలు కాచుకునే అఫార్ తెగలో ఏ మనిషయినా గొంతుక్కూర్చొని అడగవలసిన ప్రశ్న, ఏం చూశావు, ఏం విన్నావు అన్నది, ఆయన నోట రాలేదు. కర్ర భుజాన వేసుకుని సర్కారు తుమ్మ పొదలవైపు, మేకల వెనుక నడిచి వెళ్లిపోయాడు.

ఆ నేలమీద ఇద్దరు ఎదురుపడితే, తమకు తెలిసినదంతా ఒకరికొకరు అప్పగించాలి. ఎక్కడ గడ్డి మొలిచింది, ఏ గుంటలో నీరుంది, ఎవరింట జ్వరం ఉంది. దీనినే దాగూ అంటారు. అందులో అబద్ధం కలిపినవాడికి పెద్దలు జరిమానా వేస్తారు. తెలిసీ దాచినవాడిని మాత్రం ఏమీ అనరు. ఇక అతణ్ణి అడగరు, అతనికి చెప్పరు.

తాను ఎందుకు ఆ రెండో వరుసలో చేరిందో మోమినాకు తెలుసు. కిందటిసారి వచ్చినప్పుడు, మా దగ్గరా మేకల దగ్గరా పరీక్షకని తీసుకెళ్లిన రక్తం సంగతి ఏమైందని మామ అడిగాడు. ఇంకా తేలలేదని ఆమె చెప్పింది. ఆఫీసు లెక్కలో అది అబద్ధం కాదు. సమారా పట్నంలోని కొత్త ప్రయోగశాలలో తన చేతులతో తానే చేసిన పరీక్షను విదేశీ ప్రయోగశాల ఇంకా ధ్రువీకరించలేదు. ధ్రువీకరించేదాకా బయట పెట్టకూడదని నియమం. అయితే ప్రయోగశాల కాపలాదారు ఆ కబురు లారీ డ్రైవరుకు చెప్పాడు, డ్రైవరు ఉప్పు తోలేవాళ్లకు, వాళ్లు గాస్ మామకు. పిల్ల పరీక్ష ముగించింది, ఏదో తేలింది, నోరు మాత్రం విప్పడం లేదు.

మామ భార్య కదీగా అత్త పొగబెట్టిన పాలబుడ్డి వంచి లోటా నింపింది.

"నా మేక రక్తం విమానమెక్కి సముద్రాలు దాటిందటగా. మేకా నేనూ ఇంకా లారీ అయినా ఎక్కలేదు."

నవ్వించాలనే అన్నది గానీ, లోటా అందించిన చేయి జ్వరంతో కాలుతోంది. వచ్చి పోయే ఆ జ్వరం ఆమెను వదిలి చాలాకాలం ఉండదు. కాచని ఆ పాలను తాగలేక, తాగనని చెప్పలేక, మోమినా లోటాను చేతుల్లోనే ఉంచుకున్నది.

ఆ జ్వరాన్ని ఆమె చిన్ననాటినుంచీ ఎరుగును. తల్లికి వచ్చినప్పుడు మనుషుల డాక్టరు చూసి మలేరియా అన్నాడు. అదే ఎండాకాలం మేకలు నెలలు నిండకుండా ఈసుకుపోతే పశువుల డాక్టరు వచ్చి మేత లోపమన్నాడు. ఇద్దరి జీపులూ ఒకే దారిన వచ్చాయి, ఒక్కసారీ ఎదురుపడలేదు. తుమ్మ పొదలు మేతబీళ్లను కమ్మేయడంతో అన్ని మందలూ ఒకే గుంట చుట్టూ చేరాయని, ఈసుకుపోయిన పిల్లల్ని ఆడవాళ్లు ఉత్త చేతులతో తీసి ఆ గుంటలోనే చేతులు కడుగుతారని రాసుకున్నవారు లేరు. మనిషిని, మందను, నేలను కలిపి చదవగల స్థానికులను తయారుచేయాలని సమారా విశ్వవిద్యాలయం పూనుకున్నప్పుడు, పశువైద్యం చదువు ముగించిన మోమినా అందరికంటే ముందు చేరింది. మనుషుల డాక్టర్లను, పశువుల డాక్టర్లను ఒకే జీపులో కూర్చోబెట్టి మామ వాళ్ల ఈ విడిదికే తెచ్చింది. తెలిసింది ముందు మీకే చెబుతానని మాట ఇచ్చింది. ఆనాడు వాళ్లు సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేశారన్న మాటే గానీ, నిజానికి సమ్మతించింది ఆమె మాటకు.

ఇప్పుడు ఆ మాట పోతే ఈ నేలమీద తనకు ఏ గుంట సంగతీ ఎవరూ చెప్పరు. పరిశోధకురాలిగానే కాదు, మేనకోడలిగానూ.

సమారా తిరిగివెళ్లి ఆమె ప్రయోగశాల అధికారి డాక్టర్ బెలాచెవ్ ఎదుట నిలబడి, తేలింది తనవాళ్లకు చెప్పనివ్వమని అడిగింది. ఎత్తు ప్రాంతాలనుంచి వచ్చి ఆ వేడిలో ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దమనిషి ఆయన. ఆ నియమం ఆయనకూ నచ్చలేదు, కానీ దానికి కారణం చెప్పాడు.

"ఒకసారి ఇలాగే తొందరపడి చెప్పాం. భయపడి మందల్ని సంతలో తెగనమ్ముకున్నారు. తర్వాత చూస్తే మా పరీక్షే తప్పు. ఆ మేకల్ని ఎవరు తెచ్చిస్తారు మోమినా?"

ఆ ప్రశ్నతోనే ఆమె బయటికి వచ్చి వరండాలో కూర్చుంటే, కాపలాదారు ఎవరో బాటసారిని అడుగుతున్నాడు: నువ్వు చూశావా, చూసినవాడు చెప్పాడా, ఊరికే విన్నావా? పుట్టినప్పటినుంచీ వింటున్న ఆ ప్రశ్నలు ఆనాడే మొదటిసారి విన్నట్టు ఆమె లేచి, తలుపు కూడా తట్టకుండా లోపలికి వెళ్లింది.

"చూసింది వేరు, చూసినవాళ్లు చెప్పింది వేరు, తెలియనిది వేరు. అలా విడదీసి చెబుదాం డాక్టరుగారూ. మావాళ్లు వాటిని కలపరు. కలిపితే జరిమానా."

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది విద్యార్థుల తలకెక్కించడానికి నాకు ఏళ్లు పడుతుంది. మీకు పాలతో పాటే పోస్తారన్నమాట."

అనుమతి కోరుతూ పైవారికి ఉత్తరం రాశాడు. జవాబు వచ్చేలోగా మరికొన్ని మందలు ఈసుకుపోతాయని ఇద్దరికీ తెలుసు. ఈ రక్తం ఇక్కడిది, పరీక్ష ఇక్కడిది, కనుక చెప్పే బాధ్యత కూడా ఇక్కడిదేనని తేల్చుకుని, తప్పయితే తన మీద వేసుకుంటానని, డాక్టరే జీపు ఎక్కాడు.

గాస్ మామ ఈసారీ చేయి ముద్దుపెట్టుకుని ఊరుకున్నాడు. మోమినా ఆయన ఎదుట గొంతుక్కూర్చుంది. మోకాళ్లు పటపటమంటుండగా డాక్టరూ కూర్చున్నాడు.

"నువ్వు అడగలేదు మామా, అయినా చెబుతాను. పోయినసారి తేలలేదన్నాను. తేలింది."

మామ భుజాన ఉన్న కర్ర నేలకు దించి అడిగాడు. "చూసిందెవరు?"

"నేనే. నా కళ్లతో."

మేకల రక్తంలోనూ ఆడవాళ్ల రక్తంలోనూ ఉన్నది ఒకే రోగమని తాను చూసింది చెప్పింది. చనిపోయి పుట్టిన పిల్లలనుంచీ, కాచని పాలనుంచీ అది మనిషికి వస్తుందని వేరేచోట్ల చూసినవాళ్లు చెప్పారని చెప్పింది. గుంట నీటి సంగతి తనకు తెలియదని, సముద్రం అవతలివాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదని, ఇప్పుడే మేకల్ని అమ్ముకోవద్దని చెప్పింది. మామ ఒక్కో మాటను తిరిగి చెప్పి సరిచూసుకున్నాడు. డాక్టరు చూసిందెంతో, విన్నదెంతో కూడా విడదీయించాడు.

కదీగా అత్తకు మాత్రం ఒకటి మింగుడుపడలేదు. "పాలు కాచితే మేక పొదుగు ఎండిపోతుందంటారే."

"అది నేను విన్నదే అత్తా, చూడలేదు. నువ్వు చూశావా?"

అత్త పొయ్యి ఎగదోసింది. "మా అత్త చెప్పింది." అంతలోనే, "ఆవిడా ఎవరో చెబితే విన్నదే అయ్యుంటుంది. పాలు కాచే ఓపిక ఆవిడకు ఎక్కడిది?" అని తానే నవ్వింది.

మర్నాడు పొద్దున జీపు కదలబోతుండగా గాస్ మామ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. మోమినా దిగింది. ఆయన కర్ర ఆనించుకుని గొంతుక్కూర్చున్నాడు.

"ఏం చూశావు? ఏం విన్నావు?"

రాత్రంతా ఆమె ఆ విడిదిలోనే, ఆయన కళ్లెదుటే ఉన్నది. ఆయనకు తెలియని కొత్త సంగతి ఆమె దగ్గర ఒక్కటీ లేదు. అయినా ఎదురుగా కూర్చుంది.

"కదీగా అత్త పొయ్యిమీద పాలు పొంగిపోవడం చూశాను మామా. తిట్టుకుంటూ మళ్లీ కాచడం చూశాను."

మామ ఆ మాటను తిరిగి చెప్పి తల ఊపాడు. తరువాత తన వంతుగా, నది ఎగువన మరో గుంట దగ్గర కూడా మేకలు ఈసుకుపోతున్నాయని, అక్కడొక బాలింతకు జ్వరం దిగడం లేదని చెప్పాడు.

"ఇది నేను విన్నదే. చూసి రావలసింది నువ్వు."