మూడో పిలుపుకు పలికింది

నవ్వెటోళ్ళు ఇప్పుడే నవ్వుకోండ్రి. నడుమల నవ్వితే నేను చెప్ప. నా పెండ్లి చీర మీద చెయ్యి పెట్టి చెప్తున్న... ఇందుల ఒక్క ముక్క కల్పించింది లేదు.

ఆ చీర గద్వాలల మా ఈరన్న మామ నేస్తుండె. కొంగు మీద హంసల బొమ్మలు నేనే గీసిన. బొమ్మకు చిల్లులు కొట్టిన పాత అట్టలు తీసేయించి, మామను బతిమిలాడి, మగ్గం మీద కరెంటు జకార్డు పెట్టె పెట్టించింది గూడ నేనే. పక్కన చిన్న కంప్యూటర్. దాంట్ల నేను రాసిన రెండు ప్రోగ్రాములు. ఒకటి బొమ్మను వరస వరస చదువుతది. ఇంకోటి ఆ వరసకు తగ్గట్టు, పోగులు పట్టి లేపే పెట్టెల కొక్కాలు లేపుతది. రెండింటి నడుమ సాకెట్... అంటే రెండు అర్రల నడుమ కిటికీ అనుకోండ్రి.

వనపర్తిల నా ల్యాప్‌టాప్ మీద మస్తు నడిచింది. అది విండోస్. మామ కాడున్నది లినక్స్. కరెంటు పోతే కొక్కాల ప్రోగ్రాం చస్తది. కిటికీ మాత్రం ఫైలు లెక్క ఆడనే ఉంటది! కరెంటొచ్చి ప్రోగ్రాం మళ్ళ లేస్తే, "ఈడ ఎవరో ఉన్నరు, నేను రాను" అని అలుగుతది. విండోస్ల గీ పంచాయితే లేదు. ప్రోగ్రాం పోతే దాని కిటికీ గూడ దాంతోనే పోతది. నా కర్మ!

సరే, లేవంగనే పాత కిటికీ పీకెయ్యమని రాసిన. ఇంకా ఘోరం. ఒకపారి పొరపాటున ప్రోగ్రాం రెండుమాట్ల లేసింది. రెండోది పోయి బతికున్న మొదటిదాని కిటికీ పీకింది. బొమ్మంత ఆగమాగం. నేసింది ఇప్పుకుంట మామ నా దిక్కు చూసిండు.

"కోడలా, ఎల్లుండి పొద్దుగాల గిది సక్కగ నడువకపోతే పెట్టె పీకేస్త. హంసలు లేవు, గింసలు లేవు. ఉత్త కొంగుతోనే పెండ్లి చేస్కో."

ఏడుపొచ్చింది. ఆ హంసలు నేను ఎంత మురిపెంగ గీసిన!

తెల్లారి అమాస. అమాస నాడు మగ్గం ఎక్కరు. ఖాళీగుంటదని నేను పోయి దాని కింద కూసున్న. "అమాస పూట దాన్ని కదిలియ్యకే పిల్లా" అన్నది మామ భార్య, మా అత్త. "నేను ఎక్కుతలేనత్తా, కోడ్ రాస్తున్న" అన్న.

పొద్దుగూకింది. పీకే ముందు కిటికీ తట్టాలె... గా ఉపాయం తోచింది. బతికున్నోళ్ళు "ఉన్న" అని పలుకాలె. తెలుగులనే రాసిన, సరదాకు. గని ఆ ప్రోగ్రాంకు లేసుడే బద్దకం. తట్టంగనే పలకదు. చచ్చిందనుకొని రెండోది దాని కిటికీ మళ్ళ పీకేస్తది. తల పట్టుకున్న.

"ఏందే గంత పరేషాన్?" అన్నది అత్త. చెప్పిన.

"పిచ్చిదానా! రాత్రి పూట ఎవరన్న ఒక్క పిలుపుకే పలుకుతరా? పిలిచేది మనిషో దయ్యమో తెల్వది. మూడుమాట్ల పిలువు. మూడోసారికి గూడ పలకకపోతే లేనట్టే."

నవ్విన. జరసేపటికి నవ్వు ఆగింది. గదే కరెక్ట్! మూడుమాట్ల తట్టు, నడుమ జర ఆగు. రాసేసిన.

ఇగ పరీక్ష. ఎవరూ లేనప్పుడు ఎవరూ పలకొద్దు గద. కొక్కాల ప్రోగ్రాంను నా చేతులతోనే చంపిన. ఇంకేమన్న నడుస్తుందా అని చూసిన. ఏం లేదు. పెట్టె ప్లగ్గు గూడ పీకి ఒళ్ళ పెట్టుకున్న. కిటికీ తట్టుడు ఒక్కటే నడిపిచ్చిన.

మొదటి పిలుపు... జవాబు లేదు.

రెండోది... లేదు.

బయట కుక్క గూడ మొరుగుతలేదు. గోడ మీద బల్లి... అది గూడ తెర దిక్కే చూస్తుంది.

మూడోది...

"ఉన్న."

అమ్మ తోడు... గప్పుడు... నెత్తి మీద... పెట్టెల...

టక్.

కొక్కాలు లేసినయి. జరసేపు... గట్లనే నిలబడ్డయి. మెల్లగ... దిగినయి. ప్లగ్గు నా ఒళ్ళనే ఉన్నది!

ఉరికిన. అత్త వంటింట్ల రొట్టెలు కాలుస్తుంది. "అత్తా... అది... పలికిందే!"

అత్త రొట్టె తిరగేసింది. "పిలిచిందెవరు? నువ్వే గద. మూడుమాట్ల పిలిచి, పలికితే ఉరుకుడేంది?"

పొద్దుగాల మామ మగ్గమెక్కిండు. నడుమల కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళ పోయింది. ప్రోగ్రాం కిమ్మనలే. కొంగు అయిపోయింది. మామ నా నెత్తి నిమిరిండు. నాకు ఏడుపే తక్కువ.

పెండ్లి నాడు నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన మా ఆయన మేనత్త కొంగు పట్టుకొని చూసింది. "అన్ని వరసల హంసలు కండ్లు తెరిచి చూస్తున్నయి. గీ ఒక్క వరస నిద్రపోతున్నదేందమ్మా?"

చూసిన. నిజమే. ఆ వరసల ఒక్క హంసకు గూడ కన్ను లేదు. కన్ను రావాల్సిన పోగు... అదొక్కటే దాటిపోయింది. ఆ రాత్రి ఎవ్వరు నెయ్యకుండనే టక్‌మని లేసి దిగిన పోగు గదేనా? మామను అడిగితే, "పెట్టె లేపిందే నేసిన, నన్నేం అడుగుతవ్" అన్నడు.

ఇప్పుడు నా కోడ్ విండోసైనా లినక్సైనా ఒక్క తీరుగ నడుస్తది. చచ్చినోళ్ళు మళ్ళ ఎప్పుడు పలకలే. ఆ రాత్రి పలికిందేందో నాకు ఇప్పటికీ తెల్వదు. భయమయి ఆ మూడో పిలుపు తీసేద్దామని ఎన్నోసార్లు కూసున్న. తియ్యలే. పిలుస్తలేనని... అది అలిగితే?