మామ్మ ఎక్కిన జమీందారు కారు

డెబ్బైల్లో నా పెళ్లినాడు మా ఇంటి ముందు రెండు బళ్లు నిలబడ్డాయి. ఒకటి ఒకప్పటి జమీందారుగారి పెద్ద విదేశీ కారు. జమీ పోయాక చేతులు మారి, విజయవాడలో పెళ్లిళ్లకు అద్దెకు తిరుగుతోంది. రెండోది మా బాబాయి కొత్తగా కొన్న జీపు. కారెక్కితే మెత్తటి తోలు సీటు ఒళ్లో కూర్చోబెట్టుకునేది. జీపెక్కితే నడుం విరిగేది. కానీ దాని నాలుగు చక్రాలూ లాగుతాయని బాబాయికి మహా గర్వం. ఏది మంచి బండి అంటే నేనూ జీపే అంటాను. ఎక్కాలనిపించేది మాత్రం కారే.

"వానాకాలం అన్నయ్యా, చర్చికి పోయే కాలవ కట్ట మీద ఆ ఏనుగు నడవదు. పిల్లని జీపులో తీసుకెళ్దాం," అన్నాడు బాబాయి.

"పెళ్లికూతురు జీపులోనా? పోలీసోళ్లు పట్టుకుపోతున్నారనుకుంటారు!" అని నాన్న కసిరాడు.

అసలు ఆ కారు నాకోసం కాదు, మామ్మ కోసం. వయసులో ఉన్నప్పుడు ఆమె జమీందారు పొలాల్లో నాట్లేసేది. ఆ కారు వస్తే కూలీలంతా దారి వదిలి చేలో దిగాలి. అది ఆగేది కాదు సరికదా, చీరల నిండా బురద చిమ్మి పోయేది. "చచ్చేలోగా ఒక్కసారి దాంట్లో కూర్చోవాలే," అని నాతో అంటుండేది. నా పెళ్లికి నేను పట్టుబట్టింది ఆ ఒక్కదానికే.

క్రైస్తవులం, మాకు ముహూర్తాల పట్టింపు లేదు. పెళ్లికొడుక్కి సెలవు దొరికిందని నడివానల్లో పెట్టేశారు. పైగా మా పేటవాళ్లు, పాపం, కారు చక్రాలకు మట్టి అంటకూడదని దారి పొడవునా ఎండుగడ్డి పరిచారు. దాంతో గుంటలు కనపడకుండా పోయాయి. ఇంకేముంది! సగం దారిలో వెనక చక్రాలు దిగబడ్డాయి. డ్రైవరు ఎంత తొక్కితే అంత లోతుకు పోయాయి.

వెనకే వస్తున్న బాబాయి జీపు ఆపి పరిగెత్తుకొచ్చాడు. "నే చెప్పలా? దిగండి, దిగండి. అవతల పాస్టరుగారు ఎదురుచూస్తుంటారు!"

నేను దిగాను. మామ్మ కదల్లేదు.

"మీరు పోండి. ఇది పోతుంటే నేను చానాసార్లు బురదలో నిలబడ్డా. ఇయ్యాళ దీన్ని నిలబడనీ. నేను కూర్చుంటా."

బాగుంది వరస, పెళ్లి నీకా నాకా అనబోయాను. ఆమె మొహం చూశాను. మళ్లీ ఎక్కి పక్కన కూర్చున్నాను.

"మోకు కట్టు బాబాయ్. మామ్మ లేకుండా నేను రాను."

సణుక్కుంటూనే జీపును కారు ముందుకు తెచ్చి కట్టాడు. జీపు ఒక్క గుంజు గుంజితే కారు పైకొచ్చింది. దారంతా బురదే కాబట్టి చర్చి దాకా మోకు విప్పలేదు.

చర్చి దగ్గర నాట్లకు పోయే ఆడకూలీలు ఎదురయ్యారు. పెద్దకారును చూడగానే గబగబా చేలో దిగి నిలబడ్డారు. మామ్మ కిటికీలోంచి తల బయటపెట్టి బాబాయి మీద ఒక్క కేక వేసింది.

"ఒరేయ్, మెల్లగా పోనీరా! పక్కన మనుషులున్నారు, కనపడట్లా?"

నాకు ఏడుపు ఆగలేదు. పుట్టిల్లు వదిలిపోతున్నందుకు ఏడుస్తోందిలే అనుకున్నారు చర్చి మెట్ల మీద వాళ్లంతా.