తీగల పెట్టె ముందు మా అత్తగారు

మా ఆయనకు బుర్ర లేదని నేననను. ఉన్న బుర్రంతా వేళ్లలోకి దిగిపోయిందంటాను. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తారు. ఎంత కష్టమైన పాటైనా ఒకసారి వింటే చాలు, పట్టేస్తారు. అదే ఇంట్లో బల్బు మార్చమంటే స్టూలెక్కి, ఎందుకెక్కారో మరిచిపోయి దిగుతారు.

ఆయనకు సంగీతం నేర్పింది మా అత్తగారే. బళ్లో పాటల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత మెల్లమెల్లగా చెవులు పోయాయి. చెవి మిషను పెట్టుకుంటే గిన్నెల మోత తప్ప ఇంకేమీ వినిపించడం లేదని దాన్ని డబ్బాలో పడేశారు. కొడుకు వాయిస్తుంటే విని ఏళ్లయింది. మొదట్లో ఈయన సాధన చేస్తుంటే ఎదురుగా కూర్చుని వేళ్లు చూసేవారు. తర్వాత అదీ మానేశారు. "ఏముందమ్మాయ్, వాడు ఊరికే మెట్లు నొక్కుతుంటే చూడ్డానికి!" అన్నారు. గట్టిగా అరిచి చెప్పే ఓపిక లేక ఈయన కూడా తల్లితో మాటలు తగ్గించేశారు. తిన్నావా, మందులేసుకున్నావా, అంతే. నాకు ఒళ్లు మండేది. కాసేపు అమ్మ దగ్గర కూర్చోండి అంటే "నీకు తెలీదులే" అనేవారు. నాకు తెలియనిదేముంది!

అంతలో పాత కీబోర్డు పాడైంది. ఈయన ఎక్కడో బొమ్మ చూసి కొత్తది తెప్పించారు. బొమ్మలో కింద మామూలు మెట్లే. వాటి వెనక నిలబెట్టిన చెక్క అర, ఆ అర నిండా గుండీలు. "మాడ్యులర్ సింథసైజర్ అంటారు దీన్ని. ఇన్ని గుండీలున్నాయంటే ఎన్ని టోన్లుంటాయో చూడు!" అని మురిసిపోయారు. తీరా విప్పి చూస్తే అర సగం ఖాళీ. మిగతా సగంలో చిన్న చిన్న పెట్టెలు, వాటికి కన్నాలు. పక్కన ఒక సంచీడు రంగురంగుల తీగలు. స్విచ్చేసి మెట్టు నొక్కారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెండు చేతులతోనూ నొక్కారు. ఊహూఁ.

షాపుకి ఫోన్ చేస్తే అవతల అమ్మాయి పాపం ఓపిగ్గానే చెప్పింది. "మెట్లు చప్పుడు చెయ్యవండీ. మీరు ఏ మెట్టు నొక్కారో చెబుతాయి, అంతే. చప్పుడు పుట్టించే పెట్టె వేరు. దాన్ని మెత్తబరిచే పెట్టె వేరు. తలుపు తీసి వేసినట్టు చప్పుడుని వదిలి ఆపే పెట్టె ఇంకోటి. తీగలతో మీరే కలుపుకోవాలి."

"సరే గానీ, ఫ్లూటు ఎక్కడుంది?"

"ఫ్లూటు ఉండదండీ."

"పోనీ వయొలిన్?"

"మీరే తయారు చేసుకోవాలండీ."

ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు. బస్సు దిగాక ఇది మన ఊరు కాదని తెలిసిన మనిషిలా ఉన్నారు.

ఇక ఈ కన్నంలో తీగ ఆ కన్నంలోకి, ఆ కన్నంలోది ఇంకో కన్నంలోకి. ఏది దేనికో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి చప్పుడొచ్చింది. వచ్చింది సరే, మెట్టు మీంచి వేలు తీసినా ఆగదే! ఇద్దరం గాభరాపడి కనబడిన గుండీనల్లా తిప్పాం. చప్పుడు కిందికి దిగి, ఇంకా దిగి, నేలలోంచి వస్తున్నట్టు గుర్రుమంది. వంటింట్లో గ్లాసులు గలగలలాడాయి. చివరికి ఏదో తీగ ఎక్కడో గుచ్చితే, వేలు తియ్యగానే ఆగడం మొదలుపెట్టింది.

వెనక్కి తిరిగితే అత్తగారు గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. వచ్చి బల్ల మీద కొడుకు పక్కన కూర్చుని, ఆ చెక్క అర మీద అరచెయ్యి ఆనించారు.

"ఒరేయ్, నువ్వేనా? ఆపకు, వాయించు."

ఈయన చిన్నప్పుడు ఆవిడ దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం వాయించారు. నాలుగు స్వరాలు దాటాయో లేదో, ఆవిడ ఈయన మణికట్టు మీద ఛెళ్లున ఒకటి వేశారు. "మూడో స్వరం దగ్గర మళ్లీ తొందర! ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు?"

వినిపిస్తోంది! అరచేతిలోంచో, ఎముకల్లోంచో నాకు తెలీదు, ఆవిడకు వినిపిస్తోంది. మా ఆయన ఏడ్చేశారు. దెబ్బ తిని అంత సంతోషపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు.

మర్నాడు ఈయన బయటికెళ్లారు, నేను కుట్టు మిషను దగ్గరున్నాను. ఈయన తిరిగొచ్చి పెట్టిన కేకకి పరిగెత్తాను. అత్తగారు తీగలన్నీ పీకి, ఏ రంగుకారంగు చుట్టచుట్టి, నా గుడ్డ పీలికలతో ముచ్చటగా కట్టి పెట్టారు. గుండీలన్నీ తడిగుడ్డతో తుడిచి ఒకే వైపుకి తిప్పారు. "చూడు, ఎంత శుభ్రంగా ఉందో! అలా చిందరవందరగా వదిలేస్తారా ఎవరైనా?" అన్నారు.

ఈయన తల పట్టుకున్నారు. పాతదానిలో నంబరు నొక్కితే టోను వచ్చేది. దీనికి జ్ఞాపకమంటూ లేదు. ఏ తీగ ఎక్కడుందో, ఏ గుండీ ఎంత తిరిగిందో, అదే దాని జ్ఞాపకమట.

"ఫోటో అయినా తీసుకోలేదా?" అన్నాను.

"అప్పుడు ఫోటో గుర్తొస్తుందా ఎవరికైనా?"

నిజమే. నాకూ రాలేదు.

అప్పటినుంచి ప్రతి సాయంత్రం ఆ పోయిన చప్పుడుని వెతకడమే పని. తల్లీ కొడుకూ పక్కపక్కన కూర్చుంటారు. ఆవిడ అరచెయ్యి చెక్క మీద. ఈయన తీగ మార్చి వాయిస్తారు. ఒకసారి కప్పల అరుపు, ఒకసారి నీళ్ల మోటారు. ఆవిడ తల అడ్డంగా ఊపుతారు. "కాదురా." మధ్యలో ఈయన ఆవిడ ముఖంలోకి తిరిగి, పెదాలు తెలిసేలా నెమ్మదిగా చెబుతారు. ఆవిడ బడి కబుర్లు చెబుతారు, ఈయన పగలబడి నవ్వుతారు. దొరకడం మాత్రం దొరకలేదు. నా వల్ల కాదు, అమ్మ ఇక వినదేమో అని వంటింట్లోకి వచ్చి బెంగపడేవారు.

ఒక సాయంత్రం పప్పు కలుపుతుంటే గ్లాసులు గలగలలాడాయి.

గరిటె అక్కడే పడేసి పరిగెత్తాను. అదే చప్పుడు, సందేహం లేదు. ఈయన చూపంతా తీగల మీదే ఉంది. అత్తగారి ఒక చెయ్యి చెక్క మీద, రెండో చేతి వేళ్లు ఒళ్లో తాళం వేస్తున్నాయి. మూడో స్వరం దగ్గర ఈయన మామూలుగానే తొందరపడ్డారు. ఆవిడ వేలు గాల్లో ఆగిపోయింది. నొసలు ముడిపడింది. నోరు తెరిచి, మళ్లీ మూసేశారు.

"అమ్మా, ఇదేనా?"

"కాదురా. దగ్గరికొచ్చావు గానీ, ఇంకా రాలేదు."

కాకపోవడమేమిటి? గ్లాసులు అబద్ధమాడతాయా? "అదేమిటత్తయ్యా..." అనబోయాను. ఆవిడ నా వైపు చూశారు. ఆటల మధ్యలో గంట అప్పుడే కొట్టేస్తారేమోనని భయపడే బడిపిల్లలా ఉంది ఆ చూపు. అప్పుడర్థమైంది నాకు. దొరికిందంటే ఇక వెతకడం ఉండదు, ఈ కబుర్లూ ఉండవు. ఆ తీగలు పీకిన రోజు కూడా శుభ్రం కోసమే పీకారో లేదో, ఇప్పుడు నాకేమీ తెలియడం లేదు.

"నాకైతే అదే అనిపించింది," అన్నారు ఈయన దిగాలుగా. "నీకు తెలియనిదేముంది, నువ్వు చెప్పు. అదే కదూ?"

ఆయన ముఖం చూశాను. అత్తగారి ముఖం చూశాను.

"కాదండీ," అన్నాను. "అప్పటిది ఇంకొంచెం లావుగా ఉండేది."

ఈయన నిట్టూర్చి తీగ పీకేశారు. అత్తగారు బల్ల మీద కాస్త జరిగి నాకు చోటిచ్చారు. వెళ్లి కూర్చున్నాను.