కొవ్వొత్తి ఆరితే

ఎనభైలలో ఒక అక్టోబరు ఉదయం, చికాగో బస్టాండు వెయిటింగ్ హాల్లో ఆస్ట్రియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నారు. మాటిమాటికీ పే ఫోన్ దగ్గరికి వెళ్లి, ఎవరూ ఎత్తక తిరిగొస్తున్నారు. ఉండబట్టలేక అడిగాను, "ఎవరికండీ?"

"తమ్ముడికి. మా దేశంలో ఇద్దరం ఒక ద్రాక్షతోటలో వైన్ చేసేవాళ్లం. ఈ ఏడు తోట చేతులు మారింది. కొత్త మేనేజర్ నన్ను మాన్పించి, వాణ్ణి ఉంచాడు."

నాకు తెలిసిన వైన్ అల్లా చర్చిలో ప్రభువు బల్ల దగ్గర పుచ్చుకునే గుక్కెడే. "ఉద్యోగం ఉందిగా, మరి ఇంత కంగారెందుకు?" అన్నాను.

"ఇప్పుడు నేలమాళిగలో రసం పులుస్తూ ఉంటుంది. అందులోంచి వచ్చే విషపు గాలి పీలిస్తే మనిషి పడిపోతాడు. అందుకే కొవ్వొత్తి పట్టుకుని దిగేవాళ్లం. అది ఆరిందంటే వెనక్కి పరుగే. కొత్తాయన కొవ్వొత్తులు మాన్పించి కరెంటు లైట్లు పెట్టించాడు."

ఆయన తలెత్తి హాల్లో ట్యూబ్‌లైటు వైపు చూశారు.

"మనిషి పడిపోయినా అది వెలుగుతూనే ఉంటుంది."

ఆయన మళ్లీ ఫోన్ దగ్గరికి వెళ్లారు. ఈలోగా నా బస్సు వచ్చేసింది. తమ్ముడు ఎత్తాడో లేదో నాకు తెలియదు.

చికాగో పక్కన అరోరాలో మా ఇంటి బేస్‌మెంట్‌లో పాత పెట్టెలు తప్ప ఏమీ లేవు. అయినా స్విచ్ వేశాక మొదటి మెట్టు మీదే ఆగి, ఒకసారి ఊపిరి పీల్చి చూసుకుంటాను.